ఈ మధ్య ఎప్పుడన్నా పడ్డరా?

మేడమ్ చనిపోయిందన్న మెసేజ్ చదివి నేను వంటింటి గడప మీద కూలబడితే, మా అమ్మ పోపు గంటె అట్లాగే ఎత్తిపట్టుకుని, "ఏమైందే, మళ్ల ఫెయిలైనవా?" అంది. ఏ ఫలితాలూ లేవనీ, వనపర్తి క్లినిక్ మేడమ్ గుండె ఆగి పోయిందనీ చెప్పాను. "ఓ, ఆ మాలిష్ ఆమెనా! పాపం," అని పోపు పప్పులో వేసింది. ఆ 'పాపం' పోపు చప్పుడులో కలిసిపోయింది.

సాయంత్రానికి నా కళ్ళు ఉబ్బి ఉండటం చూసి పెదనాయన ఇంకో లెక్క కట్టాడు. "మాలిష్ చేసేటామె కోసం ఎవరన్న గింత ఏడుస్తరా? ఇంకేదో ఉంది. పిల్లను జర కనిపెట్టుకోని ఉండుండ్రి," అని మా అమ్మకు నాకు వినపడేటట్టే చెప్పాడు. మా ఇంట్లో వయసొచ్చిన ఆడపిల్ల ఏడుపుకు రెండే కారణాలు. పరీక్ష పోవాలి, లేకపోతే ఎవడో ఒకడు ఉండాలి. మూడోది వాళ్ళ సిలబస్‌లో లేదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆమె చేసింది మాలిష్ కాదు.

క్లినిక్ వనపర్తిలో ఒక ఎరువుల దుకాణం పక్క సందులో, రెండు గదుల్లో ఉండేది. బోర్డు మీద 'ఆస్టియోపతి మాన్యువల్ థెరపీ' అని రాసి ఉండేది. ఆ మాటను సరిగ్గా చదివినవాళ్ళను నేను చూడలేదు. సగం మంది హోమియోపతి అనుకుని వచ్చి తీపి గోలీలు అడిగేవాళ్ళు. మిగతా సగం మంది ఇంటి నుంచే నువ్వుల నూనె సీసా తెచ్చుకుని, గుమ్మంలోనే అంగీ గుండీలు విప్పేవాళ్ళు. మేడమ్ మొదటివాళ్ళకు "గోలీలు లేవు" అనీ, రెండోవాళ్ళకు "అంగీ తొడుక్కో" అనీ చెప్పేది. రెండు మాటలకూ ఒకటే గొంతు. నవ్వేది కాదు.

ఆమెది గద్వాల దిక్కు. చుట్టాలంతా రాయచూరులో ఉండటంతో మాటలో కన్నడం దొర్లేది. ఎవరైనా తొందరపెడితే "సొల్ప తాళమ్మా" అనేది, కొంచెం ఆగమ్మా అని. బెంగళూరులో ఫిజియోథెరపీ చదివి, ఆ తర్వాత ఈ చేతి వైద్యం విడిగా నేర్చుకుని వచ్చింది. ఆ సంగతి అడిగినవాళ్ళు లేరు. ఆమె చెప్పుకోనూ లేదు.

నేను వెళ్ళింది మెడ నొప్పితో. గ్రూప్ పరీక్షల కోచింగ్ పేరుతో రెండేళ్ళు పుస్తకం మీద వంగి వంగి, కుడిచేతి రెండు వేళ్ళు తిమ్మిరెక్కేవి. ఇంట్లో మెడ కింద రోకలి దొర్లించారు. దిండు ఎండలో పెట్టారు. చివరికి ఫోన్ గుంజుకున్నారు. ఏదీ పనిచేయక మా ఊరు పాన్‌గల్‌లో బస్సెక్కి ఒక్కదాన్నే పోయాను.

పోగానే పడుకోమంటారనుకున్నాను. కుర్చీ చూపించింది. ఎప్పటి నుంచి, ఏ పక్కకు పడుకుంటావు, బరువులు మోస్తావా, జ్వరం వస్తుందా, ఊరికే బరువు తగ్గావా, నొప్పికి నిద్ర లేస్తున్నావా అని అరగంట అడిగింది. తలుపు దాకా నడిచి రమ్మంది. వంగమంది. వెనక నిలబడి నా భుజాలను చూసింది. అప్పుడు గానీ పడుకోమనలేదు. పడుకున్నాక కూడా, "ఇక్కడ చెయ్యి పెట్టనా?" అని అడిగింది. అది ప్రశ్న అని నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగింది. పెట్టండి అన్నాను.

తల కింద వేళ్ళు ఆనించి, నొక్కకుండా కూర్చుంది. రెండు నిమిషాలైంది.

"ఏం చేస్తున్నరు మేడమ్?"

"ఏం చేస్తలేను. నీ మెడ బిగబట్టింది. వదిలెదాంక కూసుంట."

తర్వాత నెమ్మదిగా అటూ ఇటూ కదిలించింది, ఊపిరి తీసుకోమంది, వదలమంది. లేచి కూర్చున్నాక నాకు మోసపోయినట్టనిపించింది. వీడియోల్లో చూసినట్టు మెడ టప్పుమనలేదు. ఆ మాటే అన్నాను.

"సప్పుడు కావాల్నంటే దీపావళికి రా," అంది. "రేపు జర నొప్పి పెరుగొచ్చు, పరేషాన్ కాకు. చేతిల బలం తగ్గుతున్నట్టు అనిపిస్తే మాత్రం నా దగ్గరికి రాకు. సీదా పెద్ద దవాఖానకు పో."

నా దగ్గరికి రాకు అని చెప్పిన వైద్యురాలిని నేను అప్పుడే చూశాను.

'చెయ్యి పెట్టనా' అన్న ప్రశ్న నన్నెందుకు అంతగా పట్టుకుందో చెప్పాలి. నేను పుట్టేటప్పుడు కాళ్ళు ముందు వచ్చాయట. మా దిక్కు ఎవరికి నడుము పట్టినా, అట్లా పుట్టినవాళ్ళతో ఎడమకాలితో మూడుసార్లు తొక్కిస్తారు. నాకు నడక వచ్చినప్పటి నుంచి మా వాడంతా నన్ను ఎత్తుకుపోయి తొక్కించుకున్నది. అన్నం ముందు నుంచి లేపుకుపోయారు, ఆటలో నుంచి లాక్కుపోయారు. తగ్గితే నా కాళ్ళ మహిమ. తగ్గకపోతే నేను సరిగ్గా తొక్కలేదు. తొక్కుతావా అని ఒక్కరూ అడగలేదు.

నాలుగోసారి వెళ్ళినప్పుడు, బయట గదిలో లేచి నిలబడిన ఒకాయన్ని చూసి, "ఈయన కుడికాలి మీద బరువేస్తలేడు మేడమ్," అన్నాను. ఆమె నా దిక్కు తిరిగి, "కండ్లు పనిచేస్తున్నయి నీకు. రాయనీకె వస్తదా?" అంది. అట్లా పది నెలలు, వారానికి మూడు రోజులు, రోగుల సంగతులు కాగితం మీద రాసే పని నాది. ఇంట్లో లైబ్రరీ అని చెప్పాను.

ఆ కాగితంలో మొదటి ప్రశ్న: ఈ మధ్య ఎప్పుడన్నా పడ్డరా?

అందరూ లేదనే చెప్పేవాళ్ళు. "లేదంటరు. మళ్ల అడుగు," అనేది మేడమ్. మా జిల్లాలో గట్ల మీద జారడం, బండి మీద నుంచి పక్కకు ఒరగడం, బాత్‌రూములో కూలబడటం, ఇవేవీ పడటం కిందికి రావు. ఒక తాత నాకు కోపంగానే చెప్పాడు: "యాడ పడ్డ? లేసిన గద!" లేచి నడిస్తే పడనట్టే.

ఇంటికి పోయేటప్పుడు జనం ఆమెను మెచ్చుకునే మాట ఒక్కటే, "మీ చెయ్యి మంచిదమ్మా." ఆ మాటకు ఆమె మొహం ముడుచుకునేది. వాళ్ళు పోయాక, "చెయ్యి మంచిదంటే చదువు ఉత్తదన్నట్టే," అని గొణిగేది. ఆమెతో నాకు పేచీలు లేవని చెప్పను. పది నెలల్లో ఒక్కసారి బాగా రాశావనలేదు. తప్పు రాస్తే రోగి ముందే చదివి వినిపించేది.

పల్లికాయ పీకే రోజుల్లో ఒకనాడు పొద్దున, పక్కింటి పెద్దమ్మ మా అరుగు మీద బోర్ల పడుకుని ఉంది. అరవై ఏళ్ళ మనిషి, రోజూ కూలికి పోతుంది. నడుము పట్టిందంట. "జర తొక్కి పోవే, పుణ్యముంటది," అంది మా అమ్మ. నాకు బస్సు టైమైంది. చెప్పులు విడిచి, మూడుసార్లు తొక్కి, చెప్పులేసుకుని ఉరికాను. పెద్దమ్మ వెనక నుంచి దీవిస్తూనే ఉంది.

నాలుగో రోజు ఆమె క్లినిక్‌కి వచ్చింది, సగానికి వంగి, గోడ పట్టుకుని. నన్ను చూసి, "నువ్వు గీడున్నవా బిడ్డా! లైబ్రరీ అంటుండె మీ అమ్మ," అంది. నేను కాగితం తీశాను.

"ఈ మధ్య ఎప్పుడన్నా పడ్డవా పెద్దమ్మా?"

"లేదు."

"సరిగ్గ యాది చేసుకో."

"చేన్ల పల్లి కట్ట నెత్తిన పెట్టుకోని వస్తుంటే గట్టు మీద జారి కూలబడ్డ. అది పడుడా? లేసిన గద."

"ఎప్పుడు?"

"నువ్వు తొక్కినవు సూడు, దానికి ముందు రోజే."

లోపలి గుమ్మంలో మేడమ్ నిలబడి ఉంది. ఆ రోజు పెద్దమ్మ మీద చెయ్యి పెట్టలేదు. ఎక్స్‌రేకు చీటీ రాసి, ఆటో పిలిపించి, దవాఖానకు పంపించింది. పెద్దమ్మ కొడుకు, "ముట్టుకోనే లేదు, ఏం డాక్టరమ్మ," అని సణుక్కుంటూ పోయాడు. నడుములో ఒక ఎముక నలిగింది. పడ్డప్పుడు నలిగిందో, నేను తొక్కినప్పుడు నలిగిందో ఏ ఎక్స్‌రే చెప్పదు.

"ఇంట్ల ఎందుకు అడగలేదు?" అంది మేడమ్.

"బస్సుకు లేటైతుండె."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. చేతులు కడుక్కుని వచ్చి, నా ఎదురుగా రోగుల కుర్చీలో కూర్చుంది. "చెయ్యి పెట్టాల్నని ఉంటే చదువు. లేకుంటే గిట్లనే రాసుకుంట ఉండు. నడుమ తొవ్వ లేదు," అంది. నాకు ఇంటర్‌లో బైపీసీ ఉందని ఆమెకు తెలుసు కాబట్టి ఫిజియోథెరపీ దరఖాస్తు సంగతి చెప్పింది. నాలుగున్నరేళ్ళు. డిగ్రీ అయిపోయినదాన్ని, మళ్ళీ మొదటి నుంచి డిగ్రీయా అనుకున్నాను. ఆలోచిస్తా అన్నాను. "సొల్ప తాళు" అనలేదామె ఈసారి. "జల్ది ఆలోచించు," అంది.

నేను జల్ది ఆలోచించలేదు. ఆమె పోయింది. నేను పనికొస్తానా రానా అన్నది చెప్పకుండా పోయింది, ఆ కోపం నాకు ఇంకా ఉంది.

గద్వాలకు పోయాను, ఈసారి ఇంట్లో ఉన్నదే చెప్పి. పెద్దమ్మ క్లినిక్‌కి వచ్చినప్పుడే నా లైబ్రరీ అబద్ధం బయటపడి, మా ఇంట్లో మాలిష్ దుకాణమా అని నవ్వారు. అక్కడా అవే మాటలు. "చెయ్యి మంచిగుండె." "ఏం మాలిష్ చేస్తుండె, పానం లేసొస్తుండె." శవం ముందు కొట్లాట పెట్టుకోకూడదని నోరు మూసుకున్నాను.

దినాలు అయ్యాక మేడమ్ తమ్ముడు ఫోన్ చేశాడు. గదులు ఖాళీ చేస్తున్నామనీ, నేను నడుపుకుంటానంటే టేబుల్, బోర్డు అక్కడే వదిలేస్తామనీ అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఫోన్ స్పీకర్లో ఉండటంతో ఆ మాట పెదనాయన చెవిన పడింది.

"గది ఉంది, బోర్డు ఉంది, వచ్చేటోళ్ళు నిన్ను గుర్తువడ్తరు," అన్నాడు. "పైంగ నీకు కాళ్ళ వరం ఉండనే ఉంది. ఇంకేం గావాలె? కూసో బిడ్డా."

రెండు వారాల కింద నన్ను కనిపెట్టుకోమన్న మనిషి ఈయనే. "మాలిష్ అని నవ్వితిరి గద," అన్నాను.

"నవ్వితిమి. పక్కోళ్ళు చేస్తే మాలిష్. మనింటి పిల్ల చేస్తే వైద్యం," అంది అమ్మ, సిగ్గు లేకుండా.

"నాకు రాదు."

"పది నెలలు ఏం చేసినవ్ మరి?" అన్నాడు పెదనాయన.

"ప్రశ్నలు అడిగిన."

"అడిగితే నొప్పి పోతదానే?" అని తొడ చరుచుకుని నవ్వాడు.

వాళ్ళకు జవాబు చెప్పడం తేలిక. పక్కింటి పెద్దమ్మకు చెప్పడం కష్టమైంది. నడుముకు బెల్టు కట్టుకుని, కర్ర పట్టుకుని మా అరుగు దాకా వచ్చింది. "నువ్వే చెయ్యి బిడ్డా. నీకు తెలుసు గద ఇప్పుడు," అంది. నా మీద ఆమెకు కోపం లేదు. ఒక్కరోజు కూడా కోపగించుకోలేదు. నా కాళ్ళ మీద నమ్మకం కూడా పోలేదు. కోపం వచ్చి ఉంటే నేను తల ఎత్తి మాట్లాడేదాన్ని. నిజం చెప్తే, ఒక్క క్షణం చెయ్యి పెట్టాలనిపించింది కూడా. ఎట్లా పెట్టాలో పది నెలలు చూశాను. చూడటం వేరు, చెయ్యడం వేరు అని ఆమెకు చెప్పాను. ఆమెకు అర్థం కాలేదు. కర్ర తీసుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు వనపర్తి పోయాను. మేడమ్ తమ్ముడు ట్రాలీ ఆటో తెచ్చాడు. చివరిసారి అడిగాడు, టేబుల్ దించమంటావా అని. తీసుకుపొమ్మన్నాను. నాలుగు కాళ్ళూ పైకి పెట్టి, తాడుతో బిగించి, యూరియా బస్తాలు దించుతున్న లారీ పక్క నుంచి సందు దాటించారు. ఒక పెద్దాయన నూనె సీసాతో వచ్చి, తాళం చూసి, మేడమ్ ఎప్పుడొస్తదని నన్ను అడిగాడు. చనిపోయిందని చెప్పాను. మరి నువ్వు చేస్తవా అన్నాడు. చేయనన్నాను.

అక్కడే నిలబడి ఫోన్‌లో ఫిజియోథెరపీకి దరఖాస్తు పెట్టాను. ఇంటికి పోయి గ్రూప్ పరీక్ష ఇక రాయనని చెప్పాను. సీటు వస్తే చేరతాను. రాకపోతే వచ్చే ఏడు మళ్ళీ పెడతాను. చదువు పూర్తయ్యేదాకా ఎవరి నడుము మీదా చెయ్యి వేయను, కాలు వేయను.