శకుంతల వదిన సంచి తూకం

ముందే ఒక మాట చెప్తాను. దయ్యం అన్న మాట వింటే నాకు భయం వేయదు, కోపం వస్తుంది. చూశామన్న వాళ్లను ఎదురుగా కూర్చోబెట్టి, దీపం ఎక్కడుంది, నువ్వెక్కడున్నావు, అంతకుముందు నిద్రపోయి ఎన్నాళ్లయింది అని ఒక్కొక్కటే అడుగుతాను. వాళ్లే "ఏమోలే" అని లేచిపోయేదాకా వదలను. బి.ఎస్సీ. చదివి, వరంగల్లో బెల్లం, ధాన్యం అమ్మే ఇంటికి కోడలిగా వచ్చినదాన్ని. మా ఇంట్లో దేవుడి తర్వాత కాంటాను నమ్ముతారు. నేను కాంటానే ముందు నమ్ముతాను. జరిగింది ఆ కాంటా మీదే కాబట్టి ఈ సంగతి నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వదు.

ఎనభైల మొదట్లో హైదరాబాదులోని ఒక నడక బృందం వాళ్లు ఆడవాళ్లను కూడా నేపాల్ తీసుకుపోతామన్నారు. కొండల్లో నడుచుకుంటూ ముక్తినాథ్ దాకా పోయి రావాలి. దాదాపు నెల పడుతుంది. పాస్‌పోర్టు అక్కర్లేని పరదేశం. ఎవరి సంచి వాళ్లే మోసుకోవాలి, సంచి పది కిలోలు దాటకూడదు. బయలుదేరే ముందు తూస్తారు. దాటితే ఆ మనిషి ఇంటికే.

నేను పేరిచ్చానని తెలిసి మా శకుంతల వదిన కూడా వస్తానంది. మా ఆయనకు అక్క. అప్పటికి యాభై దాటాయి. చిన్న వయసులోనే పాప పోయి, ఆ వెంటనే భర్త పోయి, పుట్టింటికి చేరింది. వంటిల్లు, దుకాణం, ఎప్పుడైనా నర్సంపేటలో పెళ్లి. అంతే ఆమె చూసిన లోకం. ఎన్నడూ ఏదీ అడిగిన మనిషి కాదు.

"ఒక్కసారి పోతనే కమలా. ఇప్పుడు పోకుంటే మల్ల నన్ను తీస్కపోయేటోడు ఎవడున్నడు?" అంది.

మా ఆయన కాదనలేదు. నేనైతే మూడురోజులు వాదించాను, మోకాళ్లు, ఆయాసం, వయసు అంటూ. "నీ నోరు మోసేదానికన్న సంచి మోసుడే నయం" అంది వదిన. దాంతో సరే అన్నాను.

మనుషులు సిద్ధం, సామానేది? వీపుకు తగిలించుకునే సంచి అప్పట్లో వరంగల్లో ఎక్కడ దొరుకుతుంది? పరుపు చుట్టే హోల్డాలు దొరుకుతుంది, ట్రంకుపెట్టె దొరుకుతుంది. రెండూ కూలీని పిలవడానికి పనికొస్తాయి గానీ కొండెక్కడానికి కాదు. లారీలకు టార్పాలిన్లు కుట్టే దర్జీ పక్కన కూర్చుని కాన్వాసుతో రెండు సంచులు కుట్టించాను. భుజాల పట్టీలకు కాశిబుగ్గ మగ్గాల మందపాటి గుడ్డ తెచ్చి, లోపల పత్తి కూరించాను. కాన్వాసు బూట్లు కొని నెల ముందునుంచే తొడుక్కుని తిరిగాం. చీర మీద బూట్లేసుకుని వదిన మార్కెట్టుకు వస్తే జనం ఆగి చూశారు. ఆమె వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

కొబ్బరినూనె వద్దు, చలికి గడ్డకడుతుందని తీసేయించాను. యూరియా బస్తాల లోపలి ప్లాస్టిక్ కవర్లు కడిగి బట్టలకు తొడుగులు చేశాను. పల్లీ ముద్దలు, అటుకులు, అల్లం మురబ్బా, టార్చి, దానికి బ్యాటరీ సెల్లులు. దుప్పట్లకు బదులు చెరొక గొంగడి. గొర్రెబొచ్చుది, తడిసినా వెచ్చదనం పోదు. కాకపోతే బరువు.

ఖాళీ సంచులతో సహా ప్రతి వస్తువునూ దుకాణంలో కాంటా మీద విడివిడిగా తూచాను. వదినే రాళ్లు వేసింది. మా వాళ్ల అలవాటు ప్రకారం ఒకటి అనకుండా "లాభం, రెండు, మూడు" అని లెక్కపెడుతుంటే, "ఇందులో లాభమెక్కడిది, అంతా మోతే" అని నవ్వాను. నా సామాను, ఆమె సామాను చెరి తొమ్మిది కిలోల చిల్లర వచ్చింది.

తర్వాత సంచుల్లో సర్ది, మూతి బిగించి, మళ్లీ తూచాను. నాది సరిగ్గా వచ్చింది. వదినది పదకొండున్నర దాటింది.

తూకం తప్పిందనుకున్నాను. ఖాళీ పళ్లాలు చూశాను, ముల్లు నిటారుగానే ఉంది. సంచి విప్పి, ఒక్కొక్కటి తీసి మళ్లీ తూచాను. తొమ్మిది చిల్లరే. ఖాళీ సంచి దులిపి చూశాను, తడి లేదు, ఇసుక లేదు. సర్దితే మళ్లీ పదకొండున్నర. మా ఆయన సర్దినా అంతే. ఆమె సామాను నా సంచిలో వేసి చూశాను, అప్పుడూ అంతే. నా సామాను ఆమె సంచిలో వేస్తే మాత్రం సరిగ్గా ఉంది. పట్టపగలు, దుకాణం నిండా జనం ఉండగా చేసిన పని ఇది. ఎదురు దుకాణం వాళ్ల కాంటా మీదికి కూడా మోయించాను. వాళ్లదీ అదే మాట చెప్పింది.

మా ఆయన నన్ను లోపలికి పిలిచి చెప్పాడు. వదినకు పుట్టిన పాప నీరసంగా ఉండేదట. బతికి బట్టకడితే మేడారం జాతరలో పాప ఎత్తు బంగారం ఇస్తామని మా అత్త మొక్కుకుంది. బంగారమంటే అక్కడ బెల్లమే. ముందే తీసి పెడదామని పాపను ఇదే కాంటా మీద పడుకోబెట్టి, రెండో పళ్లెంలో బెల్లం పెట్టారు. బెల్లం ముక్కలు అందించింది చిన్నపిల్లాడిగా ఉన్న మా ఆయనే. మూడు సేర్లకు కొంచెం తక్కువ తూగిందట. జాతర రాకముందే పాప పోయింది. వ్యాపారం చేసే ఇల్లు. బెల్లం పారేయరు కదా. మా అత్త దాన్ని మళ్లీ బస్తాలో కలిపేసింది. అమ్ముడు కూడా పోయింది.

సేర్లను కిలోల్లోకి మార్చడం నాకొచ్చు. మార్చి చూశాను. వదిన సంచి ఎక్కువ తూగినదానికి సరిపోయిన ఆ అంకె నాకు నచ్చలేదు.

అయినా వదిన దగ్గరికి పోయి వాదనకే దిగాను. ఇదంతా యాదృచ్ఛికం అన్నాను. మనసుకు అంత పట్టింపుగా ఉంటే మేడారం పోయి ఆ బెల్లమేదో ఇచ్చిరా, ఆ బరువు వదిలిపోతుందేమో చూద్దాం అన్నాను.

వదిన బూటు లేసు కడుతోంది. తలెత్తలేదు.

"ఆ బరువు పోవాల్నని నీకెవరు చెప్పిన్రే?" అంది.

ఆమె లేచి, సంచి విప్పి, గొంగడి తీసి పక్కన పెట్టింది. సంచిని మళ్లీ కాంటా మీద పెట్టింది. పది కిలోల రాళ్లకు వెంట్రుకవాసి తేలిగ్గా తూగింది.

"ఇగ సరిపాయె" అంది.

"గొంగడి లేకుంటే ఆ చలికి సచ్చిపోతవ్ వదినా!"

"సస్తే నువ్వున్నవ్ కద, అక్కడ గూడ వాదిస్తవ్."

ఆ సాయంత్రం నా సంచి విప్పాను. ఫ్లాస్కు తీశాను. రెండో జత బూట్లు తీశాను. పల్లీ ముద్దలు సగం, చదువుకుందామని పెట్టుకున్న లావుపాటి పుస్తకం తీశాను. ఆ చోటులో వదిన గొంగడిని మడిచి కూరాను. ఆమెకు చెప్పలేదు.

బయలుదేరే రోజు హైదరాబాదులో బృందం నాయకుడు, రిటైరైన మిలిటరీ ఆయన, స్ప్రింగు కాంటాతో ఒక్కో సంచిని ఎత్తి తూచాడు. వదిన సంచిని ఒంటిచేత్తో ఎత్తబోయి, ఆగి, రెండో చెయ్యి కూడా వేశాడు. ముల్లు పది దగ్గర నిలబడింది. ఆయన సంచి పక్కలు నొక్కి చూశాడు. గొంగడి తీసేశాక సగం వదులుగా వేలాడుతోంది.

"ఏం పెట్టినవమ్మా ఇందుల? సూడబోతే ఖాళీగుంది."

"నాకు కావల్సినయే సార్" అంది వదిన.

ఆ మనిషికి మా ఇల్లు తెలియదు, కాంటా తెలియదు, పాప తెలియదు. నేను తూచిన లెక్క ప్రకారం ఆ సంచిలో ఉన్నది ఏడు కిలోల చిల్లర.

దారి పొడుగునా మోసేవాళ్లు ఆగడానికి రాతి అరుగులు కట్టి ఉంటాయి అక్కడ. అందరం అరుగు రాగానే సంచుల్ని దబ్బున పడేసి కూలబడేవాళ్లం. వదిన ముందు తాను కూర్చునేది. తర్వాత పట్టీలు మెల్లగా జార్చి, సంచిని ముందుకు తెచ్చి, ఒళ్లో పెట్టుకునేది. జర నేను మోస్తాను ఇవ్వమని అడిగాను. ఒక్కరోజు కూడా ఇవ్వలేదు. ఆయాసపడలేదు. నాకన్నా ముందే నడిచింది.

చలి పట్టే ఊరు చేరాక గొంగడి తీసి ఆమె ముందు పెట్టాను. ఎందుకు తెచ్చావని అడగలేదు. తను కప్పుకుని, ఒళ్లో ఉన్న సంచి మీదికి కూడా అంచు లాగింది.

తిరిగొచ్చాక ఆ సంచిని మళ్లీ తూచనివ్వలేదు. దాన్ని ఆమే విప్పింది, ఆమే ఉతుక్కుంది. కాంటా తప్పిందని ఎవరైనా నాతో అంటే, తప్పలేదని రుజువులతో సహా నిలబెట్టగలను. మరి అది ఏమిటని అడిగితే చెప్పలేను. పరదేశపు కొండల్లో, నేను నమ్మని ఒక బరువు కోసం నా సామాను ఇంట్లో వదిలేసి, ఇంకొకరి గొంగడి ఎందుకు మోశావని అడిగితే మాత్రం, వాదించడానికి నా దగ్గర ఒక్క ముక్క లేదు.