కౌబాయ్ సినిమాకు ఊఁ కొట్టడం

ఈ రోజు పొద్దున ఊఁ అనవలసిన చోట కాదు అన్నాను. అదీ మా చిన్నాయనతో, నలుగురి ముందర, టీవీ ఎదురుగా.

మా నాయనకు తమ్ముడైన ఈ చిన్నాయన వయసులో ఉన్నప్పుడు పత్తికొండలో ఒక టూరింగ్ టాకీసులో పని చేసేవాడు. పగలంతా అంగడి, సాయంత్రమైతే సినిమా డేరా. టికెట్లు చింపడం పైకి చెప్పుకొనే పని. అసలు పని ఇంగ్లీషు బొమ్మ వచ్చిన వారం మొదలయ్యేది. ఆ బొమ్మలు మా జనానికి ఒక్క ముక్క అర్థమయ్యేవి కావు. అందుకని ఆపరేటరు శబ్దం తగ్గించేవాడు. చిన్నాయన తెర పక్కన మైకు పట్టుకొని నిలబడి కథంతా తెలుగులో చెప్పేవాడు. ఇంగ్లీషు ఆయనకూ రాదు. నేల టికెట్టు పిల్లలం మేం ఇసుకలో కూర్చొని ఊఁ కొట్టాలి. ఊఁ వినబడకపోతే ఆయన నోరు మూసుకొనేవాడు. రీలు తిరుగుతూనే ఉండేది, కథ మాత్రం ఆగిపోయేది.

ఆ బొమ్మల్లో గుర్రమెక్కి గిటారు వాయిస్తూ పాటలు పాడే కౌబాయ్ సినిమా ఒకటి నా మనసులో ఉండిపోయింది. అప్పటికే ప్రింటు అరిగిపోయి తెర మీద గీతలు ఒకటే కురిసేవి. పత్తికొండలో పడాల్సిన వానంతా ఈ బొమ్మలోనే పడుతోందని చిన్నాయనే ఎగతాళి చేసేవాడు.

ఈ మధ్య ఆ సినిమానే గీతలు తుడిచి, శబ్దం బాగుచేసి డిస్కుగా అమ్ముతున్నారని తెలిసి తెప్పించాను. ఆదివారం డోన్‌లో మా ఇంటికి రమ్మని చిన్నాయనకు ఫోను చేశాను. పొద్దున బస్సుకే సంచీ నిండా టమాటాలతో దిగాడు. ఇస్త్రీ చొక్కా, భుజం మీద తువ్వాలు, గొంతు సాఫు కావడానికి జేబులో కరక్కాయ ముక్క. సినిమా చూడ్డానికి కరక్కాయ ఎందుకని అప్పుడైనా నాకు తట్టాల్సింది.

మా ఆమెను, పక్కింటి టైలరు భాయ్‌ని కూడా పిలిచి బొమ్మ మొదలుపెట్టాను. ఒక్క గీత లేదు. గుర్రం జూలులో వెంట్రుకలు సైతం విడివిడిగా కనబడుతున్నాయి.

"ఏమప్పా, వాన నిలిచిపోయిందే!" అన్నాడు చిన్నాయన. అందరం నవ్వాం. ఆయన కరక్కాయ నోట్లో వేసుకొని, లేచి టీవీ పక్కన నిలబడ్డాడు.

"చూడండప్పా, ఈ తెల్ల మీసాలాయన ఉండాడే, మన హీరోకు సొంత మేనమామ. చెల్లెలు చచ్చిపోతే మేనల్లుణ్ని తానే సాకినాడు. ఇప్పుడు కూతుర్నిస్తానంటాండాడు. ఆ నల్ల టోపీవోడు అడ్డం పడతాండాడు."

తెర కింద ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. చదవడం వచ్చిన నా నోరు ఆగలేదు.

"కాదు చిన్నాయనా. ఆయన మేనమామ కాదు, ఆ ఊరి పోలీసు అధికారి. ఆ పిల్ల ఆయన కూతురూ కాదు. తగాదా వాగు నీళ్ల గురించి. కింద రాసుంది చూడు."

చిన్నాయన ఆ అక్షరాల వైపు చూశాడు. అవి వస్తున్నాయి, పోతున్నాయి. "అట్లనా" అని వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. మిగతా కథంతా నేనే చదివి చెప్పాను. భాయ్ రెండుమూడు సార్లు ఆవలించాడు. అయిపోయాక చిన్నాయన, "బాగుండాది. శానా శుభ్రంగా ఉండాది" అని సంచీ వెతుక్కున్నాడు. మా ఆమె పట్టుబట్టి భోజనానికి ఆపింది.

వంటింట్లో ఆమె నన్ను నిలబెట్టి అడిగింది.

"మన అంగడికి వచ్చినోళ్ల మాట దిద్దుతారు, ఇంట్లో నా మాట దిద్దుతారు. ఈ పొద్దు మామను దిద్దినారు. ఆయన్ను పిలిచింది పరీక్ష పెట్టనీకా?"

"అక్కడ రాసింది అదే కదా."

"రాసింది నాకెందుకు? ఆ మేనమామ సంగతి ఏమాయనో తెలియక నాకు కడుపుబ్బుతాండాది!"

నిజమే, దిద్దడం నాకు జబ్బు. ఇన్నేళ్లూ నేను తలుచుకున్న సినిమాలో వాగు నీళ్ల తగాదా ఎప్పుడూ లేదు, మేనమామే ఉన్నాడు. డిస్కు వాళ్లు గీతలు తుడిచారు. నేను మా చిన్నాయనను తుడిచేశాను.

జొన్నరొట్టెలు తిని ఆయన బయట అరుగు మీద కూర్చున్నాడు. పోయి పక్కన నిలబడ్డాను.

"చిన్నాయనా, తప్పయింది నాది."

"తప్పేముందిలేరా? ఆడ ఉండేది నువ్వు చదివినావు. నేను లేనిదంతా చెప్తాంటి. ఆ కాలంలో ఎవురికీ తెలీదు కాబట్టి నడిచిపోయింది."

నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం భయం వేసింది. ఈ మాట మనసులో పెట్టుకొని బస్సెక్కితే ఆ కథ ఇక ఎవరికీ చెప్పడు.

లోపలికి పోయి భాయ్‌ను మళ్లీ కేకేశాను. డిస్కు మొదటినుంచి పెట్టి, అక్షరాలు తీసేసి, శబ్దం తగ్గించాను. టీవీ పక్కన నిలబడి అరుగు దాకా వినబడేలా నేనే అందుకున్నాను.

"ఈ తెల్ల మీసాలాయన హీరోకు మేనమామ."

"ఊఁ" అంది మా ఆమె. "అంత దిగులుగా ఉండాడే, ఎందుకో?"

నాకేం తెలుసు? "పంట పోయింది" అన్నాను.

"ఏం పంట?" అన్నాడు భాయ్, నవ్వు ఆపుకుంటూ.

"టమాటా."

అరుగు మీంచి కేక వినబడింది. "ఒరేయ్, గుర్రాల దేశంలో టమాటా ఏందిరా? చెల్లెలు పోయిందని దిగులు! చెల్లెల్ని చంపకుండా కథ ఎట్ల నడుస్తాదిరా?"

చిన్నాయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. "పక్కకు జరుగు" అన్నాడు. జరిగాను.

హీరో గుర్రమెక్కి గిటారు మీటగానే చిన్నాయన వీధి నాటకం పద్యం ఫక్కీలో రాగం తీసి, మేనమామ కూతురికి మొరపెట్టుకోవడం మొదలుపెట్టాడు. తెర మీద హీరో నోరు మూసి, గుర్రం దిగి, నీళ్లు తాగుతున్నాడు. ఇక్కడ రాగం తెగలేదు.

"పాట అయిపోయింది మామా" అంది మా ఆమె.

"వానిది అయిపోయింది. నాది ఇంకా ఉండాది."

భాయ్ చప్పట్లు కొట్టాడు. బస్సు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను కుర్చీ వదిలి, టీవీ ముందు నేల మీద కూర్చున్నాను. నల్ల టోపీవాడు వాగు గట్టున కనబడ్డాడు. నీళ్లు ఆపడానికే వచ్చాడని నాకు తెలుసు.

"మేనమామ ఊర్లో లేడని తెలుసుకొని, పిల్లను ఎత్తుకపోనీకి వస్తాండాడు" అని చిన్నాయన ఆగి, నా వైపు చూశాడు.

"ఊఁ" అన్నాను, డేరా చివరి వరకూ వినబడేంత గట్టిగా.