పసుపునీళ్లు చల్లిన కామిక్కులు

తడిసి ఆరిన కాగితం వాసన నాకిప్పటికీ పడదు. నిన్న పాత పుస్తకాల బండి దగ్గర ఒక బొమ్మల పుస్తకం తెరవగానే అదే వాసన కొట్టింది.

కాజీపేటలో మా నాన్న రైల్వే గ్యాంగ్‌మన్. ఆదివారం చర్చి అయ్యాక, కిరాణాకొట్టు వాళ్ల శ్రీను ఇంటి అరుగు మీద కూర్చుని నేనూ వాడూ వాడి కామిక్కులు చదివేవాళ్లం. పుట్టుకతోనే వింత శక్తులున్నవాళ్లను ఊరంతా తరిమే కథలవి.

"పోయిన పుస్తకంల సచ్చినోడు గిండ్ల ఎట్ల బతికిండ్రా?" అనేవాణ్ణి నేను.

"అది ఇడిసిపెట్టు. వాళ్లు పుట్టుడే అట్ల పుట్టిండ్రు. అండ్ల వాళ్ల తప్పేముంది? జనం ఎందుకు తరుముతాండ్రు?" అని వాడు బొమ్మలోని జనం మీద వేలు పెట్టి అడిగేవాడు.

నేను ఇంటికి తెచ్చుకున్న పుస్తకం తిరిగిస్తే వాళ్లమ్మ, "ఆడనే పెట్టు బిడ్డా" అని గడప బయటే పెట్టించి, పసుపునీళ్లు చల్లాకే ముట్టుకునేది. మా ఇంట్లో దుమ్మెక్కువ కాబోలు అనుకున్నాను. మరోసారి సబ్బుతో చేతులు కడుక్కుని చదివి, పేపర్లో చుట్టి తీసుకెళ్లాను. ఆమె పేపరు విప్పకుండానే నీళ్లు చల్లింది.

శ్రీను నా పక్కనే కూర్చుని, తడిసి అతుక్కున్న పేజీలను జాగ్రత్తగా విడదీస్తూ, ఆ కథలో జనం ఎంత చెడ్డవాళ్లో నాకు చెబుతూనే ఉన్నాడు.