బావ బండి దిగిన చోటు

పోయిన వర్షాకాలంలో చీపురుపల్లి సంతలో, నలుగురి నడుమ వంకాయలు బేరమాడుతూ, మా బావ నిలుచున్నవాడు నిలుచున్నట్టే కూలబడ్డాడు. తలలో ఎక్కడో ఒక సన్నని నాళం కాసేపు మూసుకొని మళ్ళీ తెరుచుకున్నదని వైద్యుడు చెప్పాడు. నెల తిరిగేసరికి కాలూ చెయ్యీ మాటా మూడూ స్వస్థానానికి వచ్చాయి. రానిది ధైర్యమొక్కటే. మా అక్క భుజం మీద చెయ్యి వేయనిదే ఆయన మంచం దిగేవాడు కాదు. గడప దాటి వీథిలోకి రావడం పూర్తిగా మానుకున్నాడు. జనం నడుమ మరొకసారి పడిపోతానేమోనన్న భయం ఆయనను ఇంటికి కట్టివేసింది.

"కాలిలో లోపమేమీ లేదు, ఉన్నది జంకు. ఇలాగే కూర్చుంటే మాత్రం లేని లోపం వచ్చి తీరుతుంది. కండ కరిగిపోయాక నేను చేయగలిగినదేమీ ఉండదు" అని వైద్యుడు మా ఎదుటనే హెచ్చరించాడు. బావ ఆ మాట విని, తల పంకించి, అక్క భుజం కోసం చెయ్యి చాచాడు.

అక్కకూ వయసు మీద పడింది. ఆ బరువు మోసి మోసి ఆమె ఎడమ భుజం కిందికి వాలిపోయింది. ఒకనాడు పెరట్లో బట్టలారవేస్తూ, ఆయనకు వినబడకుండా నాతో అన్నది: "ఒరే తమ్ముడా, నాను మంచాన పడితే ఈయన పక్క మంచమెక్కేస్తాడు. అంతే, ఇంక లెగడు. నా భయం నా గురించి కాదురా." తరువాత చేతిలో ఉన్న పంచెను అవసరానికి మించి గట్టిగా పిండింది.

శ్రీకాకుళంలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్న వాళ్ళమ్మాయికి ఈ సంగతులన్నీ తెలుసు. తండ్రిని ఏదో ఒక విధంగా ఇల్లు కదిలించాలని, కొత్తవలస దాటాక క్రొత్తగా తెరిచిన వినోదోద్యానానికి మా ముగ్గురికీ వీఐపీ టిక్కెట్లు తీసి పంపింది. పిల్లల పరీక్షల మూలాన తాను రాలేక, "మావయ్యా, నువ్వుంటే నాన్న మాటాడతాడు, వెళ్ళు" అని నా మెడకు ఆ బాధ్యత తగిలించింది. వీఐపీ అంటే వేరే ద్వారం, వరుసలో నిలువనక్కరలేకపోవడం, వెంట ఒక గైడు, తిరగడానికి బ్యాటరీ బండి. చివరి మాట విన్న తరువాతనే బావ మెత్తబడ్డాడు.

"బండి దిగక్కర్లేదంటే వస్తాను. దిగమన్నారో, ఆ బండిలోనే ఇంటికొచ్చేస్తాను."

ప్రబంధాలలోని ఉద్యానవర్ణనలు విద్యార్థులకు చెప్పి చెప్పి వృత్తి ముగించుకొన్నవాడిని నేను. కృతకశైలాలూ, క్రీడాసరోవరాలూ, ధారాయంత్రాలూ నాకు అంతవరకు పద్యాలలోని వస్తువులే. వాటిని సిమెంటుతోను విద్యుత్తుతోను నిర్మించి, చుట్టూ కంచె కట్టి, చెవులు చిల్లులు పడేలా సంగీతం పెట్టిన చోటు చూడడం అదే మొదలు. ప్రబంధకవులకు ఈ చప్పుడు తెలియదు. తెలిసి ఉంటే మరి నాలుగు సీసపద్యాలు పెరిగి ఉండేవి.

ద్వారం దగ్గర ఒక అమ్మాయి మాకోసం నిలుచుని ఉన్నది. నీలిరంగు కోటు, నేర్పిన నవ్వు. చల్లని పానీయం మూడు గాజు గ్లాసులలో అందించి, "వెల్కమ్ సార్, వెల్కమ్ మేడమ్, ఈ రోజు మీ గైడ్‌ని నేనే" అని అప్పజెప్పింది.

"ఏ ఊరమ్మా నీది?" అన్నాడు బావ.

"గరివిడి సార్."

"మా పక్కూరు గరివిడి పిల్లవి, ఈ సారేటి, మేడమేటి? తాతా అను."

"అనకూడదు సార్. రూలు."

"రూలొకటా! అయితే సార్ తాతా అను. రూలుకి రూలు, వరసకి వరస."

ఆ పిల్ల నేర్పిన నవ్వు మరిచి సొంత నవ్వు నవ్వింది. అటు తరువాత సాయంకాలం దాకా మా బావ ఆమెకు 'సార్ తాత'యే.

సంచులు చూసేవాడు అక్క సంచిలో అరటిపండ్లు పట్టుకున్నాడు. బయటి తిండి లోపలికి రాకూడదట.

"తిండి కాదు బాబూ, మందు" అన్నది అక్క. "మాత్ర పండులో పెట్టివ్వకపోతే ఈయన మింగడు."

"ఊరందరికీ సెప్పేసావు, వీళ్ళే మిగిలారు. వీళ్ళకీ సెప్పు" అని బావ బండిలోంచి గొణిగాడు. గైడమ్మాయి మధ్యవర్తిత్వం నెరపడంతో పండ్లు మాతోపాటే లోపలికి వచ్చాయి.

ఆమే బండి నడిపింది. ముందు ఆమె పక్కన నేను, వెనుక వారిద్దరు. ప్రతి ఆట దగ్గరా జనం ఎండలో బారులు తీరి ఉన్నారు. మమ్మల్ని పక్క ద్వారం దగ్గరికి తీసుకుపోయి గైడమ్మాయి గొలుసు తీసేది. పెళ్ళిలో ఆలస్యంగా వచ్చి మొదటి పంక్తిలో విస్తరి ముందు కూర్చున్నవాడి మీద పడే చూపులు ఉంటాయే, అవన్నీ మా వీపుల మీద పడేవి. ఇంత మర్యాద పొంది, తీరా గుమ్మం దాకా వెళ్ళి, బావ "వద్దు" అనేవాడు. పడవ వద్దు. గుర్రాల చక్రం వద్దు. చీకటి గుహ అసలే వద్దు. ఆయన దిగకపోతే అక్క దిగదు.

"సార్ తాతా, ఇదీ వద్దా?" అని ఆ పిల్ల దీనంగా అడిగేది.

"నువ్వు పోనీ అమ్మా. బండి బాగున్నాది."

చివరికి ఆమె ముఖం చూడలేక మంచు ఇంట్లోకి నేనొక్కడినే పోయాను. ఎవరో వేసుకుని విడిచిన దళసరి కోటు తొడిగి, అద్దం వంటి నేల మీద గోడ పట్టుకుని పాకి, తుమ్ముతూ బయటపడ్డాను.

"ఏం పంతులూ, హిమాలయం ఎలాగున్నాది?" అన్నాడు బావ.

"పోయొచ్చినవాడిని అడగడం కాదు, నువ్వు పోయి చూడవలసింది."

"నువ్వు తుమ్మింది సూస్తే సాల్లే."

మా నవ్వులో అక్క కలవలేదు. వచ్చిన పని కాలేదని ఆమెకు తెలుస్తూనే ఉన్నది. పొద్దు వాలుతున్నది. ఇక మిగిలినవి ఒకటి రెండు ఆటలు, తరువాత ఇల్లు, మళ్ళీ ఆ మంచం. ఎడమ భుజాన్ని కుడి చేత్తో నొక్కుకుంటూ ఊరకే ఎటో చూస్తూ కూర్చున్నది.

బండి ఒక విశాలమైన ఆవరణ ముందు ఆగింది. కంచె లోపల ఒక నిడుపాటి ఇనుప దూలం. ఒక కొసన బరువు, మరొక కొసన మనుషులు కూర్చునే గూడు. గైడమ్మాయి దాని పేరూ ఎత్తూ వేగమూ నాకు వివరిస్తున్నది. అక్క మాత్రవేళ అయినదని పండు తీసి ఆయన చేతికిచ్చి, నీళ్ళ సీసా కోసం సంచి అడుగున వెదుకుతున్నది. అప్పుడే గూడున్న ఆ కొస మెల్లగా నేలను విడిచి, వంగుతూ, వణుకుతూ, ఆకాశంలోకి లేవసాగింది. చుట్టూ ఉన్న జనం ఒక్క గొంతుతో కేక పెట్టారు.

ఇక్కడ పరసీమ పాఠకులకు ఒక మాట చెప్పాలి. విజయదశమి వెళ్ళిన మంగళవారం విజయనగరంలో అమ్మవారి సిరిమాను ఊరేగుతుంది. నిడుపైన చింతమాను కొసన పూజారి కూర్చుంటాడు. ఆ కొస మేడల ఎత్తున వంగుతూ లేస్తూ వస్తూ ఉంటే, కింద కిక్కిరిసిన జనం దాని మీదికి అరటిపండ్లు విసురుతారు. పండు తగిలితే కోరిక అమ్మవారికి చేరినట్టే. మా బావ మీసం రాకమునుపటి నుంచి ఏటేటా ఆ జనంలో నిలుచుని విసిరినవాడు. గురి తప్పనివాడని పేరు. పోయిన ఏడు మాత్రం, పడిన తరువాత, మంచం మీదనే ఉండిపోయాడు.

సీసా దొరికి అక్క తలెత్తేసరికి పక్కన బావ లేడు.

నేనూ అప్పుడే చూశాను. బండికీ కంచెకూ నడుమ పెద్ద వీథి అడ్డంగా దాటినంత జాగా ఉన్నది. ఆ జాగా దాటి, పిల్లలనూ తల్లులనూ తప్పించుకుంటూ, ఆయన కంచె దగ్గర ఉన్నాడు. తల పైకెత్తి, కుడి చెయ్యి వెనుకకు లాగి, "అమ్మా!" అని ఎలుగెత్తి పండు విసిరాడు.

పండు లేచిన ఎత్తు చెప్పుకోదగినది కాదు. దూలం మొదలుకు కూడా చేరక కంచె లోపల గచ్చు మీద పడి చితికింది. ఈల మోగింది. యంత్రం నడిపేవాడు మీట లాగాడు. గూడు దిగుతూ ఉంటే పైనున్నవాళ్ళు ఏమైందో తెలియక మరింత అరిచారు. చేతిలో మాటలాడే యంత్రంతో ఒక అధికారి పరుగున వచ్చాడు. గైడమ్మాయి వాడికంటె ముందు పరుగెత్తింది. వెనుక నేనూ అక్కా.

"ఎవరు విసిరింది?"

"నానే" అన్నాడు బావ.

"ఎందుకు విసిరారు సార్?"

"సిరిమాను లెగిస్తే పండు ఇసరక ఏటి సేస్తారు?"

అంటూనే పైకి చూశాడు. ఇనుప దూలం, రంగుల దీపాలు, దిగుతున్న కాలేజీ కుర్రకారు. ముఖం చిన్నబోయింది. "ఓలమ్మ! తెలిసింది లే బాబూ. ఆ కేకలకి ఒల్లు మరిసిపోయాను."

అధికారి గైడమ్మాయి వైపు తిరిగాడు. "పండు లోపలికి ఎలా వచ్చింది?"

"నేనే రానిచ్చాను సార్. పేషెంట్ గారి మందు."

"మందు మింగుతారు గాని ఇసురుతారేటి?" అని, తన నోట ఊరి మాట దొర్లినందుకు తానే నవ్వు ఆపుకుంటూ, మిగిలిన పండ్లు ఆమె దగ్గర ఉంచమని చెప్పి, గచ్చు తుడిపించడానికి వెళ్ళిపోయాడు. తనది కూడా సిరిమాను ఊరేనని పోతూ పోతూ అన్నాడు.

బావకు ఇవేవీ పట్టలేదు. "సగం దూరమైనా పోలేదురా పంతులూ. సెయ్యి పోయింది. ఇదివరకైతే సూసేవాడివి" అంటూ ఒక చెయ్యి నడుము మీద పెట్టి, రెండవ చేత్తో ఎలా విసరవలసిందో గాలిలో చూపిస్తున్నాడు. కంచెను పట్టుకోలేదు. దేనినీ పట్టుకోలేదు.

నాకు గొంతు దాకా వచ్చింది, 'బావా, నడిచావు' అని. అక్క నా మణికట్టు మీద గోళ్ళు దిగేలా పట్టుకున్నది. "నోరు ముయ్యి" అన్నది పెదవి కదపకుండా. "ఇప్పుడే అనకు. దిష్టి." గైడమ్మాయి "పట్టుకోండి సార్ తాతా" అని చెయ్యి చాస్తే, "వదిలెయ్యమ్మా, ఆయన్ని తిట్టుకోనీ" అని ఆపింది.

తిట్టుకోవడం అయ్యాక ఆయన ఇటు తిరిగాడు. బండి అల్లంత దూరాన కనబడింది. ఆ దూరం చూసిన తరువాత గాని ఆయనకు సంగతి తట్టలేదు.

"ఒసే, నన్నిక్కడికి ఎవరు తెచ్చారే?"

"ఎవరు తెస్తారు? నీ కాళ్ళే" అన్నది అక్క.

అలవాటు చొప్పున ఆయన చెయ్యి లేచింది. అలవాటు చొప్పున ఆమె ఎడమ భుజం ముందుకు వచ్చింది. ఆమె ఆ భుజాన్ని, ఎవరిదో లాగుతున్నట్టు, బలవంతాన వెనుకకు తీసుకున్నది.

"నాకు కాళ్ళు పీకతన్నాయి. నాను పోయి బండిలో కూకుంటాను. నువ్వు నడిసి రా" అని, వెనుదిరిగి చూడకుండా పోయింది.

లేచిన చెయ్యి గాలిలో ఉండిపోయింది. దానిని మెల్లగా దించుకుని బావ నాతో అన్నాడు: "పక్కనుండు. పట్టుకోకు."

పట్టుకోలేదు. పక్కన నడిచాను. మొదటి అడుగులు నేలను అడిగి వేసినట్టు పడ్డాయి. నడుమ ఒకచోట ఒక పాప ఎదురుగా పరుగెత్తుకొస్తే ఆగి, దారి ఇచ్చి, మళ్ళీ కదిలాడు. ఆయన కంటె నేనే జంకుతూ అడుగులో అడుగు వేస్తున్నాను కాబోలు, "ఏటలా పెళ్ళికూతురి నడక? కదులు" అని విసుక్కున్నాడు. అంత సుఖమైన తిట్టు నేను ఈ మధ్య తినలేదు.

బండి దగ్గరికి వచ్చి ఆయన ఎక్కలేదు. బండి పక్క ఇనుప కమ్మీ మీద వేళ్ళు ఆనించి, "పోనీ అమ్మా" అన్నాడు.

అక్క ఆయన సీటులోకి కూడా జరిగి, చెప్పులు విడిచి, కాళ్ళు బారజాపుకుని కూర్చుని ఉన్నది. సీసాలో నీళ్ళు తాగి, మిగిలినవి అరచేతిలో పోసుకుని ముఖానికీ మెడకూ రాసుకున్నది. కళ్ళు తుడుచుకున్నదో చెమట తుడుచుకున్నదో నేను అడగలేదు. బండి కదిలింది, బావ నడకకు తగినట్టు.

"నెమ్మదిగా పోనీ అమ్మా" అన్నది అక్క, సీటులో వెనుకకు వాలి. "ముసలాయన పక్కనున్నాడు."

"ఎవరే ముసలాయన?"

అక్క కళ్ళు మూసుకుని, బయటి ద్వారం దగ్గరపడుతున్నా, ఆ దారినే ఇంకొక చుట్టు తిప్పమని గైడమ్మాయికి చేత్తో సైగ చేసింది.