అడగకుండా ముట్టని చేతులు

మా బొగ్గుగని దవాఖానాలో ఆయాగా పనిచేసిన సోమక్క మంగళవారం కన్నుమూసింది. ఇల్లందు బస్టాండులో ఆ మాట విన్నప్పుడు దుఃఖం కంటే ముందు నా మీద నాకు కోపం వచ్చింది. ఆమె నన్ను ఒక్క కాగితమే అడిగింది. అది నేను రాయలేదు.

అడవి పల్లెలో పుట్టిన సోమక్కకు తల్లి నుంచి అబ్బిన విద్య ఒకటుంది. గనిలో పైకప్పు కూలినప్పుడు దెబ్బ తగలకుండా బయటపడిన కార్మికులు కొందరు వణుకుతూ, మాట పడిపోయి వచ్చేవారు. కాంపౌండరునైన నేను వాళ్లను మంచానికి అదిమిపట్టి సూది వేసేవాణ్ణి. సోమక్క మాత్రం అరచేతులు పొయ్యి దగ్గర వెచ్చజేసుకుని, ఇప్పనూనె రాసుకుని, వాళ్ల కాళ్ల దగ్గర కూర్చునేది. "పట్టుకోనా బిడ్డా?" అని అడిగేది. ఆ మనిషి తలూపేదాకా పాదాలు ముట్టేది కాదు. ఆ ఊపు కోసం ఒక్కోసారి పూటంతా కూర్చునేది.

"వణుకు ఆపకు సారూ," అంది ఒకసారి, నేను సూది పట్టుకుని ఉండగా. "భయం ఒంట్లకెళ్లి బయటికొస్తాంది. దాన్ని మళ్ల లోపల్కి తొక్కుతవేంది?"

చదువు రాని ఆయా రోగుల ముందు అలా అనడం నాకు తలవంపుగా తోచింది. నాటువైద్యం చేస్తోందని డాక్టరుగారికి ఫిర్యాదు రాశాను. ఆమెను వార్డులోంచి తీసేసి వరండాలు తుడవమన్నారు.

ఆ తర్వాత మరోసారి పైకప్పు కూలినప్పుడు రాజయ్య అనే కార్మికుడు అలాగే వణుకుతూ వచ్చాడు. సూదులు పనిచేయలేదు. ఎవరూ చూడకుండా నేనే ఇప్పనూనె తెచ్చి అతని పాదాలు పట్టుకున్నాను. అతను కేకపెట్టి, నన్ను తన్ని, మంచం కిందికి దూరాడు. బకెట్టుతో వచ్చిన సోమక్క నవ్వింది.

"నా చేతులు చూసినవ్ గని నోరు చూడలే సారూ. అడిగినవా? పైనుంచి కూలిన బండ గూడ అడగలే."

ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది. సాయంత్రానికి రాజయ్య తనంతట తానే పాదం బయటికి చాపాడు. డాక్టరుగారి కంట పడకుండా మూడు రోజులు ఆమె చేతుల్లో వణికి, నాలుగో రోజు ఆకలవుతోందన్నాడు. అప్పుడే అడిగింది: "నా పనితోని నయమైతాందని ఒక్క ముక్క రాయి సారూ. మళ్ల వార్డుల్కి రానిస్తరు."

రేపు రాస్తానన్నాను. రాస్తే నా ఫిర్యాదు తప్పని ఒప్పుకోవాలి. ఆ రేపు ఆమె ఉద్యోగం దిగేదాకా రాలేదు. వరండా తుడిచే మనిషి దగ్గర విద్య నేర్చుకోవడానికి ఎవరొస్తారు? ఎవరూ రాలేదు. ఇప్పుడు వణుకుతూ వచ్చేవాళ్లకు మళ్లీ నా సూదే దిక్కు.

ఆమె పల్లెకు వెళ్లాను. సాగనంపేముందు అందరిలాగే ఆమె ఒంటికి కడసారి నూనె రాయమని ఇంటివాళ్లు నాకూ గిన్నె ఇచ్చారు. వాకిట్లో నిప్పు దగ్గర అరచేతులు వెచ్చజేసుకుని ఆమె పాదాల దగ్గర కూర్చున్నాను.

"పట్టుకోనా అక్కా?" అని అడిగాను.

చాలాసేపు కూర్చున్నాను. ముట్టకుండానే లేచి వచ్చాను.