బాపుకు నచ్చిన పట్టుకర్ర

నాకు సంబంధం చూసినప్పుడు మా బాపు ఒక్క పూటలో తేల్చేశాడు. పిల్లవాడి ఇంటికి పోయి, వాళ్ల దొడ్లో మేకలు మనిషిని చూసి బెదరడం లేదని గమనించి, మంచి ఇల్లే అన్నాడు. అంతే, మాట ఖాయం. అదే మనిషి ఒక పట్టుకర్ర ఎంచుకోవడానికి నన్ను ఎండాకాలమంతా తిప్పించాడు. ఆయన పెట్టని వంక లేదు. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు మాత్రం నా ఒళ్లు మండిపోయేది.

పట్టుకర్ర అంటే పొడవాటి గొట్టం. దాని లోపలి నుంచి ఒక తీగ పోయి, అవతలి కొసన ఉచ్చులాగా బయటికి వస్తుంది. ఇవతలి కొసన తీగను లాగితే ఉచ్చు బిగుస్తుంది, అక్కడే ఉన్న మీట నొక్కితే వదులవుతుంది. కంచెలోనో వలలోనో చిక్కుకుని, నొప్పికి తాళలేక దగ్గరికొచ్చిన వాళ్లను కరిచే జంతువును దూరం నుంచే కదలకుండా ఆపడానికి పనికొస్తుంది. నేను మా మండలంలో పశువుల దవాఖానలో అటెండరుని కాబట్టి అట్లాంటిది ఒకటి ఉంటుందని నాకు తెలుసు. బాపుకు మాత్రం గొంగడి తప్ప ఇంకో పనిముట్టు తెలియదు.

మాది మర్రిగూడ వైపు ఊరు. వాన పడితే పత్తి, కంది, పడకపోతే అప్పులు. గుట్టల మీది నుంచి అడవిపందులు దిగి చేను చేనంతా తవ్విపోతుంటే రైతులకు కడుపు మండుతుంది. కంచెలో సందులున్న చోట బండి క్లచ్ వైరుతో ఉచ్చులు పెడతారు. పందులు వాటిని ఎట్లాగో పసిగట్టి పక్కనుంచి పోతాయి. చిక్కేవి మాత్రం ఊరకుక్కలు, ఎప్పుడన్నా ఒక నక్క. చిక్కినదాని అరుపు విని జనం చేరతారు, దగ్గరికి పోతే పీకుతుందన్న భయంతో ఎవరో ఒకరు బడితె అందుకుంటారు. ఆ బడితె లేవకముందే బాపు అక్కడికి చేరేవాడు. ఎవరూ పిలవకపోయినా పోయేవాడు.

గొర్లకాపరి కాబట్టి ఆయన పద్ధతి ఆయనకుండేది. ముందు కాసేపు దూరంగా నిలబడి, మందను తోలుకుపోయేటప్పుడు చేసే సన్నటి సద్దు నాలుకతో చేసేవాడు. తర్వాత పక్కనుంచి వచ్చి గొంగడి తల మీద కప్పేవాడు. చీకటైతే ఏ జీవమైనా కొంచెం నెమ్మదిస్తుంది. అప్పుడు మోకాళ్ల మీద కూర్చుని, భుజంతో అదిమిపట్టి, వైరు తప్పించేవాడు. చిన్నప్పుడు అది చూసి మా బాపుకు మంత్రాలొస్తాయని బడిలో చెప్పుకున్నాను.

మా వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసిందే. ఆ నీళ్లు తాగి తాగి బాపు ఎముకలు బిగుసుకుపోయాయి. రాష్ట్రం వచ్చాక ఇంటింటికీ నల్లా వచ్చింది, మంచినీళ్లు వస్తున్నాయి. కానీ అప్పటికే బిగుసుకున్న మెడ మళ్లీ తిరగలేదు, మోకాళ్లు పూర్తిగా మడత పడలేదు. పక్కకు చూడాలంటే మనిషి మొత్తం తిరగాల్సిందే, ఇరుకు సందులో బస్సు మళ్లించినట్టు. మంద వెంట నడవలేక జీవాలను అమ్మేశాడు. మందకుక్క ఒక్కటి మిగిలింది, పసుపు రంగుది, ముసలిది. అమ్మ పోయినప్పటి నుంచి బాపు, ఆ కుక్క ఇద్దరూ మా ఇంట్లోనే తింటారు. నా పెళ్లి ఊళ్లోకే అయింది కాబట్టి ఆ అదృష్టం నాకు దక్కింది.

మోకాళ్లు సరిగా వంగకపోయినా ఆయన గొంగడి వదల్లేదు. ఒక చలికాలం పత్తిచేలో చిక్కిన ఊరకుక్కను విడిపించబోయాడు. కూర్చోలేక దాని మీదికి ఒరిగిపోయాడు, లేవడం చేతగాలేదు. అది గొంగడి మీది నుంచే ముంజేతిని పట్టేసింది. సర్కారు దవాఖానలో సూదులు వేయించుకుని వచ్చిన రోజు నేను చెడామడా తిట్టాను. ఇంకోసారి ఒట్టిచేతులతో పోతే అన్నం పెట్టనని కూడా అన్నాను. బాపు గోడకేసి చూస్తూ కూర్చుని అంతా విన్నాడు.

"నేను పోకుంటే గా జీవాన్ని కొట్టి సంపుతరు గదనే," అన్నాడు చివరికి.

ఆయన పోకుండా ఉండలేడు, పోతే మళ్లీ కరిపించుకుంటాడు. ఈసారి ఏ మెడ మీదో, ఏ ముఖం మీదో పడితే ఏం కావాలి? నాకు నిజంగా భయమేసింది. ఆ భయంతోనే పట్టుకర్ర వేటలో పడ్డాను.

మొదటిది మా డాక్టరమ్మ గదిలో మూలకు పడి ఉన్న వెదురు బొంగు, దాని కణుపులు తొలిచి నైలాన్ తాడు పోనిచ్చారు. డాక్టరమ్మను అడిగి ఇంటికి తెచ్చాను. బాపు దాన్ని చూడగానే ముఖం చిట్లించాడు. మా వాళ్లెవరూ జీవం మెడకు జారుముడి వేయరు. గుంజుకుంటే బిగుసుకుని ఊపిరి పోతుందని, మెడకట్టు ఎప్పుడూ జారని ముడితోనే కడతారు. ఈ కర్ర కొసన ఉన్నదేమో అచ్చంగా జారుముడే. అయినా నా మాట కొట్టేయలేక తన ముంజేతిని ఉచ్చులో పెట్టి నన్ను లాగమన్నాడు. లాగాను, బిగిసింది. వదలమన్నాడు. తాడు బొంగులో ఎక్కడో ఇరుక్కుని ఎంతకీ వెనక్కి రాలేదు, చేయి నీలంగా మారింది. కొడవలి తెచ్చి తాడు కోసేశాను. కోసిన తాడుతో బొంగును తిరిగి అప్పజెప్పితే డాక్టరమ్మ నవ్వి, మనుషుల మీద ప్రయోగాలు తన దవాఖాన పరిధిలోకి రావన్నది.

రెండోది మా మండలంలో వెల్డింగు షాపు నడిపే భాయ్ తయారుచేశాడు. ఆయనా బాపూ చిన్నప్పుడు ఒకే బడిని కలిసి ఎగ్గొట్టినవాళ్లు. ఇనుప పైపు, కొసన ఉంగరం, దానిలో బండి బ్రేకు వైరు, పట్టుకోవడానికి పిడి, అన్నీ చక్కగా కుదిరాయి. స్ప్రింగు పెట్టాడు కాబట్టి వైరు వెనక్కి కూడా వస్తుంది. ఆయన మురిసిపోతూ చేతికిచ్చాడు. బాపు వైరును వేలితో తడిమి చూసి కర్రను మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

"భాయ్, గది గిసొంటి వైరులనే చిక్కి ఏడుస్తాంటది. మళ్ల గదే వైరు దాని కండ్ల ముంగటికి తేవాల్నా?"

భాయ్ చాయ్ తెప్పించాడు. ఆ పైపు ఇప్పుడు ఆయన షాపు ముందు పరదా కట్టుకోవడానికి పనికొస్తున్నది.

మూడోసారికి నా ఓపిక అయిపోయింది. నకిరేకల్‌లో పిచికారీ పంపులు, వలలు, పశువుల సామాన్లు అమ్మే పెద్ద దుకాణం ఒకటి ఉందని డాక్టరమ్మ చెబితే, ఎండలో రెండు బస్సులు మారి బాపును తీసుకుపోయాను. అక్కడ అల్యూమినియం కర్రలు ఉన్నాయి, తీగ మీద మెత్తటి ప్లాస్టిక్ తొడుగు కూడా ఉంది. దుకాణదారు ఒక బస్తా మూతికి ఉచ్చు తగిలించి బలమంతా పెట్టి లాగి, ఎంత గుంజినా తెగదని గొప్పగా చూపించాడు. బాపు ఆ బస్తా వైపు చూడనైనా లేదు, వదలడం ఎట్లాగో చూపించమన్నాడు.

ఇక మొదలైంది ఆయన పరీక్ష. ప్రతి ఉచ్చులోనూ తన ముంజేతిని పెట్టడం, నన్ను లాగమనడం, వదలమనడం. ఆయన చేయి ఉచ్చులో ఉంది కాబట్టి కర్ర పట్టుకునేది నేనే కదా. పొడవుది ఇస్తే, కొస బరువుకు కిందికి వాలుతున్నదన్నాడు. లావు పిడిది ఇస్తే, వేళ్లు చుట్టూ అందడం లేదన్నాడు. ఇంకోటి ఇస్తే, మీట నొక్కడానికి రెండో చేయి కావలసి వస్తున్నదన్నాడు. భుజానికి ఎత్తు, దించు, వంగు, ఇటు తిరుగు. నన్ను దండెం కట్టెలాగా నిలబెట్టి ఆయన నా చుట్టూ తిరుగుతుంటే దుకాణంలో ఉన్నవాళ్లంతా చూస్తున్నారు. కొనేవాళ్లు కర్రను కొంటారు గానీ కూతురిని కవాతు చేయించరని అనేశాను కూడా.

చివరికి కొంచెం పొట్టిది ఒకటి నచ్చింది. పిడి సన్నం, మీట బొటనవేలి కిందికే వస్తుంది. నేను నొక్కగానే తీగ సర్రున జారి బాపు చేయి బయటికొచ్చింది. ఆయన ముఖం ఎంత విప్పారిందంటే, నా పెళ్లి కుదిరిన రోజున కూడా అంత విప్పారలేదు. కానీ నాకు అనుమానమొచ్చింది. బాపు బొటనవేళ్లు వంగక చాలా రోజులైంది, అంగీ గుండీలు నేనే పెడతాను. ఈ మీట ఎట్లా నొక్కుతావని అడిగాను.

"గదంత నీకెందుకు. కట్టె మంచిగున్నది," అన్నాడు.

ఇంత వెతికి, తన చేతికి పనికిరానిదే ఏరుకున్నాడని బస్సులో దారిపొడవునా గొణుగుతూనే ఉన్నాను. ఆయన మెడ నా వైపు తిరగదు కాబట్టి హాయిగా ముందు అద్దంలో నుంచి రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

కందిచేలు నడుము ఎత్తు పెరిగిన రోజుల్లో, ఒక పొద్దున నేను దవాఖానకు బయల్దేరుతుంటే నా ఫోను మోగింది. ఊరవతల కందిచేను ఉన్న రైతు. కంచెలో కుక్క చిక్కిందని, మీ పసుపు కుక్కలాగే ఉందని చెప్పాడు. దానికి తెల్లవారుజామున పెట్టిన అన్నం అట్లాగే ఉండటం అప్పుడు చూశాను. కర్ర బండికి కట్టుకుని, గొంగడితో బాపును వెనక ఎక్కించుకుని పోయాను.

మాదే. వెనక కాలికి వైరు బిగిసింది. మట్టి అంతా గీరేసింది, నోటినిండా నురగ. బాపు నాలుకతో సద్దు చేస్తూ దగ్గరికి పోయాడు. ఆయన చేతి ముద్ద తిని ముసలిదైన కుక్క, ఆయన మీదికే పళ్లు బయటపెట్టి లేచింది. బాపు ఆగిపోయాడు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరగడం చూశాను. కర్ర ఆయన చేతికివ్వబోయాను, తీసుకోలేదు.

"నువ్వు పట్టు బిడ్డా. నా ఏలు వంగదని నీకెరుకనే గద. నీ ఏలుకు జూసే కొన్న దాన్ని."

చేతిలో ఉన్న కర్రను చూసుకున్నాను. సన్నటి పిడి, పొట్టి గొట్టం, సరిగ్గా నా బొటనవేలి కింద మీట. నకిరేకల్ దుకాణంలో ఆయన నా చుట్టూ ఎందుకు తిరిగాడో అప్పుడు అర్థమైంది.

ఏడవడానికి అది సమయం కాదు. డాక్టరమ్మ చెప్పిన పద్ధతి గుర్తు చేసుకున్నాను. ఒక్క మెడకే వేస్తే గుంజుకుని ఊపిరాడదని, ముందుకాలు ఒకటి కలుపుకుని ఉచ్చు వేయమనేది. రెండుసార్లు తప్పిపోయి తర్వాత పడింది. ఆగేంత మటుకే బిగించాను. బాపు మనిషి మొత్తం తిరిగి, పక్కనుంచి వచ్చి గొంగడి కప్పాడు. చేతులు పైకి లేవక సగమే పడింది, కళ్లు మూయడానికి ఆ సగం చాలింది. నిలబడే సద్దు చేస్తూ ఉన్నాడు. రైతు వెనకనుంచి వచ్చి కటింగ్ ప్లేయరుతో వైరు కత్తిరించాడు. అది కాలు వెనక్కి లాక్కున్నది.

"వదులు," అన్నాడు బాపు.

మీట నొక్కాను, తీగ సర్రున జారింది. కుక్క పారిపోతుందనుకుంటే, గొంగడి ఈడ్చుకుంటూ కుంటుతూ పోయి బాపు పాదాల మీద తల పెట్టింది. ఆయన వంగి నిమరలేడు. కాలిబొటనవేలితో దాని చెవి వెనక గోకుతూ నిలబడ్డాడు.

కాలికి కట్టు కట్టి బయల్దేరుతుంటే, నా నంబరు ఎట్లా తెలిసిందని రైతును అడిగాను. మీ బాపే ఇచ్చిండు గదమ్మా, చేన్ల పొంటి తిరిగి అందరికి రాయించిండు, ఇగ జీవం చిక్కితే మా బిడ్డకు ఫోను చెయ్యుండ్రన్నడు, అన్నాడు. నకిరేకల్ నుంచి వచ్చిన మర్నాడే తిరిగాడట, ఆ మోకాళ్లతో. నేను బాపు వైపు చూశాను. ఆయన మెడ తిరగదు గనుక చూడనట్టే ఉండిపోయాడు.

ఇప్పుడు ఫోను నాకే వస్తుంది. నేను కర్ర వెతుక్కుని చెప్పులేసుకుని వచ్చేసరికి, నేను ఎక్కడ విడిచిపెట్టి పోతానో అని బాపు గొంగడి భుజాన వేసుకుని, బండి వెనక సీటు మీద ఎక్కి కూర్చుని ఉంటాడు.