మొలతాడుకి కట్టిన ఇనప ఉంగరం

దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఎప్పుడూ నవ్వే. సైన్సు చదివినవాణ్ణి మరి. అయినా నా మొలతాడుకి ఒక ఇనప ఉంగరం ఉండేది! గాలి సోకకుండా చిన్నప్పుడు మా అమ్మమ్మ కట్టింది. అది ఉన్న సంగతే మర్చిపోయాను. నా కొంప ముంచబోయింది అదే.

అరవయ్యో దశకం చివర్లో పురావస్తు శాఖ తరఫున భోగాపురం దగ్గర ఒక దిబ్బ మీద, కుండలు కాల్చే పాతకాలపు కుమ్మరి ఆవం కోసం వెతుకుతున్నాం. తవ్వకుండానే వెతకడం. మట్టి కాలితే దానికి కాస్త అయస్కాంత గుణం వస్తుంది. దాన్ని పసిగట్టే యంత్రాన్ని మా సారు హైదరాబాదు నుంచి అరువు తెచ్చారు. దాని సీసాలాంటి భాగాన్ని కర్రకి కట్టి పట్టుకుని నేను తాళ్ళ వరసల వెంబడి నడవాలి. ఆయన దూరంగా కూర్చుని అంకెలు రాసుకోవాలి.

ఒంటి మీద ఇనుము ఉండకూడదు. తాళాలు, బెల్టు, మేకులున్న చెప్పులు అన్నీ తీసేశాను. అయినా ఆరు రోజులు అంకెలు పిచ్చెత్తినట్టు ఎగిరాయి. ఏడో రోజు సాయంత్రానికి యంత్రం వెనక్కి వెళ్ళిపోవాలి. ఏమీ దొరక్కపోతే దానితోపాటే నా టెంపరరీ ఉద్యోగమూ పోతుంది.

ఆ మధ్యాహ్నం పంచె సర్దుకుంటుంటే చేతికి తగిలింది ఉంగరం. ఓరి నాయనో! సిగ్గుతో చచ్చిపోయాను. సారు నెత్తి కొట్టుకుని, ఆపైన పడీ పడీ నవ్వారు. మట్టి పనికి వచ్చే రమణమ్మ మాత్రం నవ్వలేదు.

"తియ్యకు బాబూ. ఇనుము నేకపోతే ఆల్లు దగ్గరకొచ్చెస్తారు," అంది.

తీసి ఆవిడ చేతిలోనే పెట్టాను.

మళ్ళీ నడిచాను. అంకెలు బుద్ధిగా నిలబడ్డాయి. పట్టపగలు, ఆకు కూడా కదలడం లేదు. నాలుగో వరసలో చప్పుడు వినిపించింది. టప్, టప్, టప్. పచ్చి కుండని చెక్కతో తట్టే చప్పుడు. భయం వెయ్యలేదు సరికదా, ఎవరో హుషారుగా పని చేసుకుంటున్నట్టు అనిపించి నాకూ హుషారొచ్చింది. వరస వదిలి అటే నడిచాను. చప్పుడు ఆగిన చోట నేనూ ఆగాను.

"ఒరే, కదలకురా!" అని సారు కేక పెట్టారు. అంకె అమాంతం పెరిగింది.

అక్కడ తవ్వితే మూరెడు లోతులో ఎర్రగా కాలిన గోడ తగిలింది. ఆవమే! సారు మట్టి చేతులతోనే నన్ను వాటేసుకుని గెంతారు. రమణమ్మ అందరికీ బెల్లం పంచింది. నా ఉద్యోగం నిలిచింది. అంత ఆనందం నా పెళ్ళినాడు కూడా లేదు. మా ఆవిడకి చెప్పకండి.

ఆ చప్పుడు ఇంకెవరికీ వినపడలేదట. చుట్టుపక్కల కుమ్మరి ఇళ్ళు కూడా లేవు, అడిగి తెలుసుకున్నాను. ఎండదెబ్బ అనుకుందామంటే, ఆవం ఎక్కడుందో ఎండదెబ్బకి ఎలా తెలుస్తుంది?

వెళ్ళేటప్పుడు రమణమ్మ ఉంగరం తిరిగివ్వబోయింది.

"కట్టీసుకో బాబూ, పనైపోనాది కదా."

వద్దన్నాను. దయ్యాల మీద నమ్మకం ఇప్పటికీ లేదు. మొలతాడుకి ఇనుమూ లేదు. మళ్ళీ ఎప్పుడైనా పిలిస్తే నాకు వినపడాలి కదా.